ఉప్పు డబ్బా మూత

మూడో మూతను కూడా బిగింపు నుంచి తీసి, చెక్కపొడి ఊది, కంపోజిటర్ కళ్లజోడు సర్దుకుని చదివాడు. 'ఉప్పు'. లక్షణంగా ఉంది. లేచి వెళ్లి వంటింట్లో ఉన్న భార్య చేతిలో పెట్టాడు.

ఏడాదిగా ఆవిడ చూపు మసకబారుతూ వచ్చి, ఇప్పుడు వెలుతురూ నీడా మాత్రమే మిగిలాయి. పోయిన వారం టీలో చక్కెరకు బదులు ఉప్పు పడింది. "ఆదివారం వచ్చి వంటమనిషిని కుదురుస్తాను. అమ్మను ఇక స్టవ్ జోలికి వెళ్లనివ్వకు నాన్నా," అని కూతురు ఫోన్లో తేల్చి చెప్పింది. ఆ రోజంతా ఆవిడ అన్నం ముట్టలేదు. రిటైరయ్యాక సరదాపడి కొనుక్కున్న, కంప్యూటర్‌తో నడిచే చెక్కుడు యంత్రాన్ని ఆయన అప్పుడే అటక మీంచి దింపాడు. మూతల మీద అక్షరాలు లోతుగా చెక్కితే వేళ్లతో చదువుకుంటుంది కదా అని ఆయన ఆశ. రేపే ఆదివారం.

ఆవిడ మూత మీద వేలు నడిపింది. "ఇదీ తలకిందులేనండీ."

"తిప్పి పట్టుకో."

"తిప్పితే కుడి ఎడమవుతోంది. ఎలా పట్టుకున్నా కుదరట్లేదు."

ఆయన మళ్లీ చూశాడు. ఆయనకు తిన్నగానే ఉంది మరి! కాగితం మీద సరిగా పడాలంటే సీసపు అక్షరం తిరగబడి ఉండాలి. ప్రెస్సులో కంపోజిటర్‌గా ముప్పై నాలుగేళ్లు అలాంటి వరుసలే పేర్చి, అవే చదివిన కళ్లవి. వాటికి తిన్నదనమూ తిరగబడటమూ ఒకటే అయిపోయాయి. ఎన్ని పుస్తకాలు పేర్చాడో లెక్కలేదు. ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు, ఆ దిగులూ లేదు. ఈ మూత దగ్గర మాత్రం ఒళ్లు మండిపోయింది.

"దీని అంతు చూసేదాకా భోజనానికి లేవను," అన్నాడు.

కంప్యూటర్‌లో బొమ్మ సరిగా ఉందో లేదో చూసి చెప్పడానికి ఆవిడకు చూపు లేదు, తన కళ్లను తను నమ్మలేడు. చెక్కే ములికి తీసేసి, ఆ చోట పెన్సిలు బిగించి, కింది పలక మీద కాగితం అంటించాడు. కుడికి పొమ్మంటే గీత కుడికే పోయింది. పైకి పొమ్మన్నాడు. పలక వెనక్కి జరిగింది, గీత మాత్రం కిందికి, తనవైపే వచ్చింది.

"నేనే మార్చాను," అన్నాడు నెమ్మదిగా. "మొదట్లో పైకి పొమ్మంటే పలక నా మీదికి వచ్చేది. ఇదేం తిక్క యంత్రమని దిశ తిప్పేశాను."

ఆవిడ నవ్వేసింది. "కుట్టుమిషన్లో నడిచేది సూదా, బట్టా? బట్ట అటు పోతే కుట్టు ఇటు వస్తుంది."

"ఆ ముక్క పొద్దున్నే చెప్పకూడదూ!"

దిశను మునుపటిలా మార్చాడు. ఈసారి పలక తన మీదికి వచ్చింది, గీత పైకి పోయింది. మళ్లీ ములికి బిగించాడు. సాయంత్రానికి ఆరు మూతలు చెక్కాడు. ఆవిడ ఒక్కోదాని మీదా వేలు పెట్టి పేరు చెప్పింది, ఎవరినీ అడక్కుండా రెండు కప్పుల టీ పెట్టింది.

"తీపి సరిపోయింది," అన్నాడాయన. కప్పు ఖాళీ చేసి, కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు.

కప్పు తీసుకుందామని వచ్చిన ఆవిడ ఆయన చెయ్యి తాకి, "ఏమండీ," అని పిలిచింది. రెండోసారి పిలవలేదు. ఆ చేతిని పట్టుకుని పక్కనే కూర్చుంది.

పదిహేను రోజుల తర్వాత, కర్మలన్నీ అయ్యాక, కూతురు వంటమనిషి సంగతి ఎత్తబోయి, తల్లి పెట్టిచ్చిన టీ తాగి ఊరుకుంది. బల్ల సర్దుతూ, "చెడిపోయిన మూతలు మూడున్నాయి, పారేయనా?" అని అడిగింది. ఆవిడ రెండే ఇచ్చింది.

వంటింటి అరలో చివరన, ఏమీ పోయని డబ్బా మీద, ఆయనొక్కడే తిన్నగా చదివిన 'ఉప్పు' ఉంది.