ఎవరూ ముట్టుకోని కారు

బావని వెంట తీసుకురావడం నా మొదటి తప్పు. పనిముట్ల సంచీ అతని చేతికిచ్చి అటు తిరగడం రెండోది.

నేను పాత కార్లకు రిపోర్టులు రాస్తాను. ఏ బోల్టు అసలుది, ఏది తర్వాత బిగించింది, అమ్మేవాళ్ళు చెప్పేదాంట్లో ఎంత నిజం, ఇవన్నీ చూసి కాగితం మీద పెట్టడం నా పని. ఆ రోజు చూడాల్సింది నలభై ఒక్క ఏళ్ళుగా షెడ్డులో తాళం వేసి ఉన్న నల్లటి విదేశీ కారు. ఒక మ్యూజియం అడుగుతోంది. వాళ్ళ షరతు ఒక్కటే. రంగు వేయకూడదు, తుడవకూడదు, ఎలా ఆగిందో అలాగే కావాలి.

నాక్కావలసింది వేరు.

ఆ కారుని చివరిసారి నడిపింది మా నాన్న అని కోర్టు తేల్చింది. వానలో సైకిలు మీద పోతున్న తాపీమేస్త్రీని గుద్ది, ఆయన కాలు పోవడానికి కారణమయ్యాడని ఎనిమిది నెలలు జైల్లో పెట్టింది. ఆ సాయంత్రం స్టీరింగు పట్టుకున్నది యజమాని అనీ, తను పక్కసీట్లో ఉన్నాననీ నాన్న అప్పుడూ చెప్పాడు, ఇప్పటికీ చెబుతాడు. కారు చూడండి, మీకే తెలుస్తుందని మొత్తుకున్నాడు. దాన్ని తుక్కు కింద అమ్మేశామని యజమాని లాయరు చెప్పాడు. అక్కడితో అయిపోయింది.

నాన్న ఎత్తు ఐదడుగులకి ఒక అంగుళం తక్కువ. అందరూ పొట్టి డ్రైవరు అనేవాళ్ళు. ఆ కారు నడపాలంటే సీటుని పూర్తిగా ముందుకి జరిపి, మూడు పెడల్స్ మీదా చెక్కదిమ్మలు స్క్రూలతో బిగించుకునేవాడు. యజమాని ఆరడుగుల మనిషి. తనకి నడపాలనిపిస్తే "దిమ్మలు తియ్" అనేవాడు. నాన్న వాటిని విప్పి, గుడ్డలో చుట్టి, సీటు కింద దాచేవాడు.

కాబట్టి నాక్కావలసింది రెండు ఫోటోలు. సీటు ఎక్కడుందో ఒకటి. దిమ్మలు ఎక్కడున్నాయో ఒకటి.

యజమాని పోయిన ఏడాదికి ఆయన కూతురు షెడ్డు తెరిచింది. నేనెవరి కూతుర్నో ఆవిడకి చెప్పలేదు. నాన్న గేటు బయట మా వ్యానులోనే కూర్చున్నాడు. లోపలికి రమ్మంటే, "పిలిస్తే వస్తా" అన్నాడు.

ఇంటావిడ షెడ్డు గుమ్మంలో గర్వంగా నిలబడింది.

"రాసుకోండి. ప్రమాదమైన రాత్రే తాడు కట్టి ఈ షెడ్డులోకి లాగించారు, అప్పటి నుంచీ దీని మీద ఒక్క చెయ్యి పడలేదు. కారు తలుపులకీ, షెడ్డుకీ అప్పుడే తాళం వేశారు. తాళంచెవి నాన్నగారి మెళ్ళోనే ఉండేది. నేను తొమ్మిదేళ్ళ పిల్లని, బొమ్మ లోపల ఉండిపోయిందని ఏడ్చినా తలుపు తియ్యలేదు."

"ఆ మాట కింద మీ సంతకం కావాలండీ."

ఆవిడ చదివి, పొడి అక్షరాలు కాకుండా పూర్తి పేరుతో సంతకం చేసి, టీ తెస్తానని లోపలికి వెళ్ళింది.

నేను ఫోటోలు ముందు నుంచి వెనక్కి తీస్తాను. పదిహేనేళ్ళ అలవాటు. సొట్టపడ్డ బంపరు, పగిలిన లైటు, బానెట్ మీద మెడ వంచిన వెండి కొంగ. రేడియేటరు దగ్గర వంగి ఉండగా లోపల్నించి టకటకమని చప్పుడు.

"బావా, ఏం చేస్తున్నావు?"

"ఏం లేదు మరదలా. నువ్వు కానివ్వు."

ఏం లేదు అన్నాడంటే ఏదో ఉన్నట్టే. మా అక్క పెళ్ళైన కొత్తలో ఇలాగే ఏం లేదంటూ గోడగడియారం విప్పాడు. అది ఇప్పటికీ పెట్టెలోనే ఉంది.

పరుగెత్తుకెళ్ళాను. బావ ఒక చేతిలో తుప్పు వదిలించే స్ప్రే, రెండో చేతిలో స్క్రూడ్రైవరు. మొహం వెలిగిపోతోంది. సీటు స్టీరింగుకి ఆనుకునేంత ముందుకొచ్చింది. మూడు పెడల్స్ మీద మూడు దిమ్మలు.

"మావయ్య ఒక్కసారి కూర్చుంటారని," అన్నాడు. "నలభై ఏళ్ళుగా కలవరిస్తున్నారు కదా పాపం. దిమ్మలు సీటు కిందే గుడ్డలో ఉన్నాయి, స్క్రూలతో సహా. ఆయన చెప్పినట్టే బిగించాను."

"దారి పొడుగునా నీకేం చెప్పాను నేను?"

"వ్యానులోనా? నిద్రపోయాను."

నాన్న నలభై ఒక్క ఏళ్ళు ఎదురుచూసిన సాక్ష్యాన్ని, ఆయన మీద ప్రేమకొద్దీ, పది నిమిషాల్లో తలకిందులు చేశాడు. ఇప్పుడు ఎవరు చూసినా ఆ కారు నడిపింది పొట్టి డ్రైవరే.

సరిగ్గా అప్పుడే ఇంటావిడ టీ పళ్ళెంతో వచ్చి కారు లోపలికి తొంగిచూసింది.

"ఇవి పొట్టి డ్రైవరు దిమ్మలు కదూ? చూశారా మరి. నడిపింది తనే, కోర్టులో మాత్రం నాన్నగారి మీదకి తోశాడు. వీటికి పెద్ద ఫోటో తీయండి. చివరిసారి నడిపింది డ్రైవరే అని రిపోర్టులో రాయండి."

బావ నోరు తెరిచాడు. జీవితంలో మొదటిసారి, మళ్ళీ మూసుకున్నాడు.

"అవి ఇప్పుడే బిగించినవండీ," అన్నాను. "మా బావ చేసిన ఘనకార్యం. సీటు కూడా ఇతనే జరిపాడు."

పళ్ళెం బానెట్ మీదకి దిగబోయి ఆగింది. తర్వాత నేల మీదకి దిగింది.

"ముట్టుకోని కారు అని నాచేత సంతకం పెట్టించుకుని మీరే ముట్టుకున్నారా?"

"నా రిపోర్టులో ఆ తప్పు నా పేరు మీదే రాస్తాను."

"అసలు దిమ్మలు సీటు కింద ఉంటాయని మీ బావకెలా తెలుసు?"

"మా నాన్న చెప్పాడు. పొట్టి డ్రైవరు మా నాన్న."

ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది.

"అదా సంగతి. సీటు ముందు ఎక్కడుందో మీ మాటా, మీ బావ మాటా నమ్మాలన్నమాట. బాగుంది. సామాను సర్దుకోండి."

ఆవిడ స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని. ఏం చేయాలో తోచక సంచీ సర్దబోతూ, కింద దొర్లిపోయిన టార్చి కోసం కారు పక్కన బోర్లా పడుకున్నాను. టార్చి వెలిగే ఉంది. దాని వెలుతురు సీటు ముందుకీ వెనక్కీ జరిగే ఇనుప పట్టాల మీద పడుతోంది.

"అమ్మా, ఒక్క నిమిషం. ఇలా వంగి చూడండి."

"నాకు మోకాళ్ళ నొప్పులు."

"నన్ను తిట్టడానికైనా వంగండి."

వంగింది. రెండు పట్టాలూ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎర్రగా తుప్పుపట్టి ఉన్నాయి. వెనక చివర మాత్రం, ఒక్కో పట్టా మీద అరచేతంత మేర, నల్లరంగు నిగనిగలాడుతోంది. కారు తయారైన రోజు వేసిన రంగు. ఇన్నేళ్ళూ సీటు దాని మీద కూర్చుని తుప్పు పట్టనివ్వలేదు.

"సీటు ఉన్నది అక్కడండీ, చిట్టచివరి గాడిలో. అక్కణ్ణించి మా నాన్న కాలు పెడల్‌కి కాదు కదా, దాని నీడకి కూడా అందదు."

"తర్వాత ఎవరైనా వెనక్కి జరిపి ఉండొచ్చు."

నేను కాగితం తీసి ఆవిడ సంతకం చూపించాను. ఒక్క చెయ్యి పడలేదు. తాళంచెవి నాన్నగారి మెళ్ళోనే ఉండేది.

ఆవిడ నేల మీదే కూర్చుండిపోయింది. టీ చల్లారుతోంది. బావ మెల్లగా ఒక కప్పు తీసుకోబోతే నేను చూసిన చూపుకి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"బొమ్మ కోసం ఏడిస్తే కొట్టారు నన్ను," అంది చివరికి. "ఎప్పుడూ కొట్టని మనిషి. బొమ్మకెందుకు కొట్టారో నాకు తెలియలేదు."

కలం అడిగింది. రిపోర్టులో 'చివరిసారి నడిపినవారు' అన్న గీత మీద తన చేత్తోనే తండ్రి పేరు రాసింది.

"ఆయన్ని పిలవండి," అంది.

నాన్న మెల్లగా నడిచొచ్చాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. లోపలికి తొంగిచూసి బావ వైపు తిరిగాడు.

"క్లచ్ దిమ్మ తిరగేసి బిగించావు. అలాగైతే మొదటి మలుపు దగ్గరే గోడకి కొడతావు."

"విప్పమంటారా, మావయ్యా?"

"నువ్వు మాత్రం విప్పకు."

నేను ఆయన చేయి పట్టుకుని వంగోబెట్టి పట్టాలు చూపించాను. కాగితం చూపించాను. ఆయన మొహంలో ఏదో మారుతుందని ఎదురుచూశాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, అంతే.

"నలభై ఏళ్ళు నేను చెప్పాను," అన్నాడు. "ఇవాళ తుప్పు చెబితే నమ్మారు."

ఇంటావిడ తల దించుకుంది. కానీ ఆయన చూస్తున్నది ఆవిడని కాదు. ఆయన మాట చాలక రెండు ఫోటోల కోసం ఇంత దూరం వచ్చిన నన్ను.