మెట్ల కింద

పేపర్లో వచ్చి ఉంటుంది, లేకపోతే వీడికెలా తెలుస్తుంది. కాని పేపర్లో రాలేదు, రాకుండా చూసింది తనే కదా. నాలుగు రోజుల కిందట గిడ్డంగి కాపలాదారును ఎవరో గేటు దగ్గర తల పగలగొట్టి పోయారని ఇన్‌స్పెక్టర్ చెప్పమన్నట్టే విలేకరులకు చెప్పింది. నిజానికి ఆయన దొరికింది లోపల, మెట్ల కింద. "ఒక్క ముక్క మన గుప్పిట్లోనే ఉంచుకోవాలమ్మా. చేసినవాడే వచ్చి అది చెబుతాడు" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

బల్లకి అవతల తమ్ముడు భోంచేస్తున్నాడు. ఎవరూ అడక్కుండానే ఇందాక అన్నాడు: "పాపం ముసలాయన, తెల్లార్లూ ఆ మెట్ల కింద ఎలా పడున్నాడో."

అసలు తప్పంతా తనదే. డిటెక్టివ్ విభాగానికి వచ్చి వారమైనా కాలేదు. ప్రశ్నలు ఎక్కువడుగుతున్నావని ఇన్‌స్పెక్టర్ మందలించాడు. ఆయన విచారణకు కూర్చుంటే ముందు చేతి గడియారం విప్పి బోర్లా పెడతాడు, నాకేం తొందర లేదన్నట్టు. ఆపైన నోరు విప్పడు. మౌనాన్ని ఎవరూ మోయలేరట, ఏదో ఒకటి వాగేస్తారట. అది ఇంట్లో సాధన చేద్దామనుకుంది, ఆటకి.

"ఏంటక్కా, కొత్త ఉద్యోగంలో నోటికి తాళం కూడా ఇచ్చారా?" అని వాడు ముందు నవ్వాడు. తరవాత ఎండల గురించి మాట్లాడాడు. ఆ తరవాత మెట్లు.

మొదట కలిగింది భయం కాదు. పాచిక పారిందన్న సంతోషం. అది గుర్తుపట్టాకే ఒళ్ళు చల్లబడింది.

"వాడికి ఇంకాస్త వడ్డించవే, నాలుగు రోజులుగా సరిగ్గా తినట్లేదు" అంది వంటింట్లోంచి అమ్మ.

వాడి మణికట్టు మీద ఎండిన గీరుడు గాయం. గుమ్మం దగ్గర వాడి కొత్త చెప్పులు. చూడొద్దనుకున్నా కనిపిస్తున్నాయి. కళ్ళు తెరవడం నేర్పారు గాని, మూసుకోవడం ఎవరూ నేర్పలేదు.

"అలా చూస్తావేంటి? పేపర్లో చదివాను" అన్నాడు తమ్ముడు.

అవునురా, నేనూ చదివాను అంటే చాలు. వాడు గండం గడిచిందనుకుని చెయ్యి కడుక్కుంటాడు. అమ్మకి ఏమీ తెలియదు. ఆస్పత్రిలో ఆ ముసలాయన ఇంకా కళ్ళు తెరవలేదు.

మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, ఆమె ఎడమచేతి గడియారం విప్పి బల్ల మీద బోర్లా పెట్టింది.