గవ్వల అవ్వ తల

మా పిల్లల మాసపత్రికలో ఒక వింత పద్ధతి ఉండేది. ముఖచిత్రం శివకాశిలో రంగుల్లో అచ్చవ్వాలి కాబట్టి ముందు నేను బొమ్మ వేసేదాన్ని. జానపద సీరియల్ రాసే వెంకటప్పయ్యగారు ఆ బొమ్మకు తగ్గట్టు తర్వాత కథ అల్లేవారు. ఆయనకు పామర్రులో నేతచీరల కొట్టు. గల్లాపెట్టె దగ్గర కూర్చుని, అక్కణ్ణుంచే రాకుమారుణ్ణి ఏడు సముద్రాలూ దాటించేవారు. నేను విజయవాడ వన్‌టౌన్‌లో, మా ఇంటి వరండాలో, ఆ సముద్రాలకు రంగులు పూసేదాన్ని. ఇది తొంభై ఆరు నాటి మాట.

రాక్షసులకు కండలు కావాలంటే ఆటోనగర్ వెళ్ళి లారీలు బాగుచేసేవాళ్ళను చూసి వచ్చేదాన్ని. సీరియల్లోని మంత్రగత్తె గవ్వల అవ్వకు మాత్రం, నేను నానీ అని పిలిచే మా అమ్మమ్మ ఆమినాబీయే నమూనా. ఆ ముడతలూ ఆ ముక్కూ ఇంట్లోనే ఉండగా ఊరంతా వెతకడమెందుకు? నానీకి తెలుగు చదవడం రాదు. ప్రతి నెలా నాతో చదివించుకునేది. గవ్వల అవ్వ ఎవరినైనా చిలకను చేసిందంటే, తనే చేసినట్టు వీధంతా చెప్పుకుని మురిసిపోయేది.

అలాంటిది ఒక నెల వెంకటప్పయ్యగారు అవ్వ తల నరికించేశారు. చదువుతూ నేను ఆగిపోతే, నానీ పట్టుబట్టి చివరిదాకా చదివించుకుంది. ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడూ అంతే. ఆ తర్వాత కూడా రెండు ముద్దలతో లేచిపోయేది. "నేనేం చేశానే ఆయన్ని?" అని ఒకటే గొణుగుడు. నాకు ఒళ్ళు మండింది. వచ్చే నెల ముఖచిత్రంలో అవ్వను మొసలి మీద ఎక్కించి, తలను భద్రంగా మెడ మీదే ఉంచి శివకాశికి పంపించాను. ఎడిటర్ సంపూర్ణమ్మగారు సీరియల్ చదివితే కదా, బాగుందన్నారు.

అచ్చయిన అట్టలు దిగగానే వెంకటప్పయ్యగారు బస్సెక్కి మా ఇంటికొచ్చి పడ్డారు.

"తెగిన తలని నేనెట్టా అతికించేదండీ తబస్సుంగారూ? మీకేం, బొమ్మేసి కూర్చున్నారు!"

నేను నోరు తెరిచేలోగా లోపల్నుంచి నానీ వచ్చింది. ఆ ముఖం చూసి ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"నా తల తీయించింది నువ్వేనటయ్యా?"

"పొరపాటైపోయిందండీ" అన్నారాయన చేతులు కట్టుకుని.

"మంత్రాలొచ్చినదాన్ని, అంత తేలిగ్గా దొరుకుతానా? తెగింది మాయతల అని రాయి. కూర్చో, చాయ్ తాగి పో."

అలాగే రాశారు. నానీ మళ్ళీ కంచం ముందు కుదురుగా కూర్చుంది. ఆ తర్వాత ఆయన బెజవాడ వచ్చినప్పుడల్లా, అవ్వ చేత ఏం చేయించాలో నానీని అడిగి వెళ్ళేవారు. ఎంత బాగుండేవో ఆ రోజులు!

రెండు వేలలో నానీ పోయింది. కొన్నాళ్ళు కుంచె పట్టలేదు. పట్టాక కోటలొచ్చాయి, గుర్రాలొచ్చాయి. ఆ ముఖం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి కదల్లేదు. ఎస్టీడీ బూత్ నుంచి పామర్రుకు ఫోన్ చేశాను.

"అవ్వను చంపేయండి. ఇంక నేను వేయలేను."

అవతల గల్లాపెట్టె మూసిన చప్పుడు వినిపించింది.

"అమ్మమ్మగారు పోయారని మీకు తెలుసు, నాకు తెలుసు. చదివే పిల్లలకి తెలీదు కదండీ. వాళ్ళ దగ్గరైనా ఉండనీయండి."

కోపంగా ఫోన్ పెట్టేశాను. ఆయనదేం పోయింది, రాసేస్తే సరి. ఆ ముడతలు ఒక్కొక్కటీ గీయాల్సింది నేను. పైగా ఆ నెల పద్ధతి తిరగేసి, కథే ముందుగా రాసి 'అవ్వ పగలబడి నవ్వింది' అని పంపారు. అన్నేళ్ళలో నేను అవ్వను నవ్వుతూ గీయనేలేదు. మంత్రగత్తె కదా, కోపంగానే వేసేదాన్ని. ఏడుస్తూనే గీశాను. కళ్ళు మూసుకుపోయి, పళ్ళులేని నోరంతా తెరుచుకునే నవ్వు. మా ఇంట్లో అందరం ఎరిగిన నవ్వది.

ఆ తర్వాత ఆయన ఒక్క నెల కూడా అవ్వను వదల్లేదు. నేనూ వదల్లేదు. రెండు వేల మూడులో టీవీ దెబ్బకు పత్రిక మూతపడింది. ఆఖరి భాగానికి ముందు ఆయనే ఫోన్ చేశారు.

"రాకుమారుడికి పెళ్ళి చేసేస్తాను. రాక్షసుడు చస్తాడు. మరి అవ్వనేం చేద్దామండీ?"

"కావాలంటే రాకుమారుణ్ణి కూడా చంపేసుకోండి. అవ్వ జోలికి మాత్రం వెళ్ళకండి" అన్నాను.