విమల తాగిన గ్లాసు

పొద్దుటినుంచీ ఆ గ్లాసును ఎంతమంది నోటికి తగిలించుకున్నారో, కడిగినా కడిగేది ఆ మూలనున్న బకెట్లోనేగా, ఆ నీళ్లు ఎప్పుడు పట్టినవో అనుకుంటూనే నాగరత్నం చూస్తోంది, మొజంజాహీ మార్కెట్ ఐస్‌క్రీం దుకాణంలో ఎదురుగా కూర్చున్న విమల అదే గ్లాసెత్తి, సంచిలోంచి తీసిన మాత్ర నాలుక మీద వేసుకుని, నలుగురూ చూస్తుండగా గుటుక్కున మింగి, సీతాఫలం ఐస్‌క్రీం కరిగిపోతోందని చెంచా అందుకుంది, పక్కకు తిరగలేదు, తలనొప్పి మాత్రని అబద్ధమాడలేదు, ఎంత బాగుంటుందో ఈ మనిషి ఏ పని చేసినా, పక్కవాటాలో ఉండే ఈ పంతులమ్మే రెండేళ్ల కిందట గుండెదడతో నాంపల్లి స్టేషను ముందు రోడ్డు దాటలేక, ఆగివున్న రిక్షా పట్టుకుని ఏడ్చిందట, ఇప్పుడు నలభై మంది ఆడపిల్లల్ని వరసగా నడిపిస్తూ అదే రోడ్డు దాటుతుంది, చెయ్యెత్తితే బస్సు ఆగుతుంది, నాగరత్నం ఒళ్లోనూ ఉంది అలాంటి పొట్లమే, ఇందాక ఆబిడ్స్‌లో విమల సెలవు పెట్టి మరీ చూపించిన మనసు డాక్టరు రాస్తే కొన్నది, గుణం తెలియడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, మీ అంతట మీరు మానెయ్యకండి అన్నాడు, మాత్ర కడిగి వేసుకోవచ్చా అని అడిగితే, కడిగితే కరిగిపోతుందమ్మా అన్నాడు నవ్వకుండా, విమల మాత్రం బయటికొచ్చాక ఆపుకోలేకపోయింది, గోలీని గూడ మడిల పెడ్తవా ఏంది నాగరత్నమ్మా అని.

మడి, అదే కదా అసలు సంగతి, మా కోడలి మడి నిప్పండీ అని అత్తగారు జానకమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటుంది, ఈ ఊరొచ్చి పదిహేనేళ్లయినా గుంటూరులో ఉన్నట్టే ఉందంటుంది, వీధిలో ఎవరింట వ్రతమైనా ప్రసాదం నాగరత్నం చేత్తోనే కావాలంటారు, ఆ చేతులు నీళ్లలో నాని తోలులేచి పసుపు తగిలితే భగ్గుమంటాయని వాళ్లకేం తెలుసు, ఏడుసార్లు కడగాలి, లెక్క తప్పితే మళ్లీ మొదటినుంచి, కడక్కపోతే ఇంట్లో ఎవరికో ఏదో అవుతుంది, అది భక్తి కాదు, వట్టి భయం, ఆ మాట పైకి అంటే ఇన్నేళ్ల మర్యాద ఏమవుతుంది, ఈ మాత్ర నిజంగానే పనిచేసి ఆ భయం పోతే, భయంతోపాటు మడీ పోతే, తనలో మెచ్చుకోవడానికి ఇంకేం మిగులుతుంది, వద్దు, పొట్లం మార్కెట్ బయట ఎక్కడో పారేసి,

విమల చెంచా పక్కన పెట్టింది, ఒక మాట చెప్త, జర మనసుల పెట్టుకోకు, నీ శశికళ బడిల నల్లా కాడ చేతులు గడుగుతది, ఏడు దాంక లెక్కబెడ్తది, నడుమ ఎవరన్న పిలిస్తె మల్ల ఒకటి కాడికెల్లి షురూ చేస్తది.

శశికళ, ఆరేళ్ల పిల్ల, బడినుంచి వచ్చి గుమ్మం బయటే రెండు చేతులూ గాల్లో ఎత్తిపట్టుకుని నిలబడుతుంది, నేను దేన్నీ ముట్టుకోలేదమ్మా అంటుంది, ఎంత బుద్ధిమంతురాలో అని తను మురిసిపోయింది, ఎవరూ చెప్పకుండానే నేర్చుకుందని అత్తగారితో గొప్పగా చెప్పింది కూడా, ఎవరూ చెప్పక్కర్లేదు, రోజూ కుళాయి దగ్గర పక్కనే నిలబడి తల్లిని చూస్తోంది పిల్ల.

మాత్ర వేసుకున్న మొదటి రోజు మీకు భయం వెయ్యలేదా అని విమలను అడిగింది, ఎయ్యకేంది, మస్తు ఏసింది, గిప్పటికీ ఏస్తది ఒక్కో దినం, గోలీ మింగి బడికి వోత అంటూ విమల ఇంకో గ్లాసు కోసం దుకాణమతన్ని పిలవబోయింది, అక్కర్లేదండీ అని నాగరత్నం ఆ గ్లాసునే దగ్గరికి లాక్కుంది, విమల తాగగా సగం మిగిలిన నీళ్లు, ఎంగిలి, ఒకటి, రెండు, లెక్క దానంతటది మొదలైంది, నడవనీ, మాత్ర నాలుక మీద చేదుగా ఉంది, గ్లాసు అంచు పెదవికి చల్లగా తగిలింది, మింగింది, నాలుగింటికి శశికళ వస్తుంది, చేతులెత్తుకుని గుమ్మంలో నిలబడుతుంది, ఆ మట్టి చేతులు రెండూ పట్టుకోవాలి, భయపడుతూనే పట్టుకోవాలి, విమల రోడ్డు దాటినట్టు, చూసి నేర్చుకునే పిల్ల, ఇదీ చూస్తుంది.