మరిడమ్మ వంతు

రాజమండ్రిలో రేకు పని చేయించుకున్నవాళ్ళెవరినైనా అడగండి, వీరభద్రంగారి షెడ్డు సంగతి చెబుతారు. అక్కడ గుమ్మం పక్కన ఒక చెక్కబల్ల ఉంది. పని కావాలంటే ఆ బల్ల మీద కూర్చోవాలి. ఎదురుగా కూర్చుని, టీ తాగి, "ఏవండీ, మాదెంతవరకూ వచ్చిందండీ?" అని ప్రాణం తోడేసేవాడి పని ముందవుతుంది. మాట నమ్మి ఇంటికెళ్ళినవాడి పని మూలపడుతుంది.

నిరుడు మరిడమ్మ నమ్మి ఇంటికెళ్ళింది. అంతర్వేది దగ్గర పల్లిపాలెం మనిషి, రోజూ రమ్మంటే ఎక్కణ్ణుంచి వస్తుంది? చేపలకి సొంతంగా ఐసు పెట్టెలు చేయించుకుంటే షావుకారి పెట్టెల కోసం వాడి గుమ్మంలో నిలబడక్కర్లేదు, వాడు చెప్పిన రేటుకి తలూపక్కర్లేదు అని ఎంతో ఆశ పెట్టుకుంది. వేట నిషేధం అయిపోయింది, పడవలు సముద్రంలోకెళ్ళాయి, ఇక్కడ పెట్టెలకి రేకు కూడా కొయ్యలేదు. సీజనంతా మళ్ళీ షావుకారి పెట్టెలే. "ఏం మరిడమ్మా, నీ రాజమండ్రి పెట్టెలు గోదాట్లో కొట్టుకుపోయాయా?" అని వాడు నలుగురిలో నవ్వాడు. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ ఆవిడకి ఒళ్ళు మండిపోతుంది.

అందుకని ఈ ఏడు కోటిలింగాల రేవు దగ్గర చెల్లెలింట్లో దిగింది. మంగళవారం పొద్దున్నే వచ్చి బల్లెక్కి కూర్చుంది. ఆదివారం పడవలు సముద్రంలోకి దిగుతాయి. ఈలోగా పెట్టెలతోనే ఇంటికి, లేకపోతే లేదు.

తీరా చూస్తే షెడ్డులోకి కంప్యూటరొచ్చింది. ఏ పనీ చెప్పిన రోజుకి ఇవ్వలేక కాకినాడ బేరాలన్నీ చెయ్యిజారిపోతుంటే వీరభద్రంగారే తెప్పించారట. దాని ముందు సత్యవాణి అని పాలిటెక్నిక్ చదివిన పిల్ల కూర్చుంటుంది.

"మీ వంతు గురువారమండి మరిడమ్మగారూ," అంది ఆ పిల్ల. "మీ పెట్టెల రేకూ, ఇంకొకరి కూలర్ల రేకూ ఒకే మందం. రెండూ ఒకేసారి మడిస్తే మిషను మాటిమాటికీ విప్పి బిగించే పనుండదు. ఎవరిది ఎప్పుడు చెయ్యాలో ఈ ప్రోగ్రామే లెక్కేసి చెబుతుంది. మీరు ఇంటికెళ్ళి గురువారం సాయంత్రం వచ్చెయ్యండి."

"నిరుడు నోటితో చెప్పారు, ఈ ఏడు టీవీలో చెబుతున్నారు. అంతేగా తేడా?"

"టీవీ కాదండీ ఇది."

"ఏదైతే నాకేంటమ్మాయ్. నేను కదలను."

కదల్లేదు. కూర్చుని అన్నీ చూసింది. నిరుడు బల్ల మీద ఎవడు అరిస్తే వాడి కోసం మిషను నడిపే రాముడు చేస్తున్న పని ఆపి, అచ్చులు విప్పి, మళ్ళీ బిగించేవాడు. రోజులో సగం ఆ విప్పడానికీ బిగించడానికీ సరిపోయేది. ఇప్పుడు సత్యవాణి చెప్పిన వరసలో పని నడిచిపోతోంది. మంగళవారం రమ్మన్నవాళ్ళు మంగళవారం వచ్చి సరుకు ఆటోలో వేసుకుని పోతున్నారు. ఓర్నాయనో, నిజంగానే ఇస్తున్నారే అనుకుంది మరిడమ్మ. అయినా బల్ల దిగితే ఒట్టు.

బుధవారం పదిన్నరకి కారొచ్చి ఆగింది. రైసుమిల్లు దుర్గాసాయిగారు. ఆయన బల్ల మీద కూర్చునే రకం కాదు, ఆయనకి కుర్చీ వేస్తారు.

"రేపటికల్లా నా తవుడు గొట్టాలు కావాలండీ వీరభద్రంగారూ," అన్నాడు, కాలు మీద కాలేసుకుని.

"అలాగేనండి, మీకంటేనా! అమ్మా సత్యవాణీ, సాయిగారిది ముందుకి తోసెయ్."

"తోస్తే ఏమవుతుందో మీరే చూడండి సార్," అని ఆ పిల్ల తెర ఇటు తిప్పింది. ఒక్కో పనికి ఒక్కో గీత; అప్పటిదాకా పచ్చగా ఉన్నవన్నీ గబగబా ఎర్రబడ్డాయి, అంటే చెప్పిన రోజుకి అందవని. మరిడమ్మకి ఆ ఇంగ్లీషు అక్షరాలు రావు గానీ రంగులు తెలియకపోవడానికేం? "నాదేదమ్మాయ్?" అంది. సత్యవాణి వేలు పెట్టి చూపించింది. అదీ ఎర్రగానే ఉంది.

అంతే. బల్ల దిగింది. కొంగు నడుముకి బిగించి, తిన్నగా వెళ్ళి మడత మిషనుకి అడ్డంగా నిలబడింది.

"ఎవరి రేకు ఎక్కుతుందో నేనూ చూస్తాను! నిరుడు నోరు మూసుకుని పోయానని ఈ ఏడూ పోతాననుకున్నారా? నన్ను ఈడ్చేసి అప్పుడు ఎక్కించండి ఆయనగారి గొట్టాలు!"

పక్క షెడ్లవాళ్ళు కూడా వచ్చి గుమ్మంలో మూగారు. వీరభద్రంగారికి పరువు పీకల మీదకొచ్చింది. "అరవకు తల్లీ, అరవకు. సత్యవాణీ, ఈవిడ పెట్టెలు ఇవాళే మొదలెట్టించు. ఆ వెంటనే సాయిగారివి. ఇద్దరికీ బాగుంటుంది, గొడవ వదిలిపోతుంది."

సత్యవాణి మొహం మాడ్చుకునే మీటలు నొక్కింది. మరిడమ్మ గీత పచ్చబడింది. దుర్గాసాయిగారిదీ పచ్చబడింది. పైన ఒక్కటి మాత్రం ఎర్రగా ఉండిపోయింది.

"ఆ ఎర్రగా ఉన్నదెవరిది?"

"సూరమ్మగారని, ఆర్యాపురంలో టిఫిన్ బండి పెట్టుకుంటున్నారండి. ఇప్పుడు మడవాల్సింది ఆవిడ బండి రేకే. శుక్రవారం పొద్దున్న ముహూర్తం."

"మరి ఆవిడేది?"

"బుధవారం చేస్తామని నేనే చెప్పానండి. నమ్మి ఇంటికెళ్ళారు."

మరిడమ్మ ఆ ఎర్రగీత వైపే చూసింది. ఊఁ అంటే చాలు, సాయంత్రానికి పెట్టెలు. ఆదివారం షావుకారి మొహం చూడక్కర్లేదు. సూరమ్మెవరు, చుట్టమా పక్కమా? కాదంటే వీరభద్రంగారికి కోపమొచ్చి గురువారం కూడా లేదంటే?

"తీసెయ్యమ్మాయ్," అంది. "ముందున్నట్టే పెట్టు. నా వంతు గురువారమన్నావు, గురువారమే ఉంచు."

"నీకు మేలు చేస్తుంటే వద్దంటావేంటి మరిడమ్మా!" వీరభద్రంగారు తెల్లబోయారు.

"ఈ మేలు నాకొద్దు బాబూ. నిరుడు ఆ ఎర్రగీత నేనే."

దుర్గాసాయిగారు లేచి, "షెడ్డు మీరు నడుపుతున్నారా, ఈ ఆడవాళ్ళు నడుపుతున్నారా?" అన్నాడు. వీరభద్రంగారు ఆయన వంకా చూశారు, గుమ్మంలో మూగినవాళ్ళ వంకా చూశారు. ఈ మాట సాయంత్రానికి ఊరంతా తిరుగుతుందని ఆయనకి తెలుసు.

"మీది సోమవారమండి సాయిగారూ," అన్నారు చివరికి, తలెత్తకుండానే.

కారు తలుపు దడాల్న పడింది. సత్యవాణి మీటలు నొక్కింది, గీతలన్నీ మళ్ళీ పచ్చబడ్డాయి. రాముడు స్టీలు రేకు ఎత్తుకొచ్చి, "కాస్త జరగండమ్మా," అన్నాడు.

మరిడమ్మ ఒక్క అడుగు జరిగింది. అంతకంటే జరగలేదు. మొహం కూడా ఎరగని మనిషి బండి రేకు మడతపడి కిందికి దిగేదాకా అక్కడే, చేతులు కట్టుకుని, గుమ్మం వైపు తిరిగి నిలబడింది.