అరవై ఒక్క శాతం దగ్గర

నేను ఒక హార్డ్ డిస్క్‌ని. అరచేతిలో ఇమిడే ఇనప్పెట్టెను. నా లోపల అద్దంలాంటి పళ్ళేలు గిర్రున తిరుగుతుంటే, వాటికి వెంట్రుకవాసి ఎడంలో ఒక సూదిచెయ్యి కదులుతూ చదువుతుంది, రాస్తుంది. సముద్రాల అవతల, దుమ్ముకణం చొరబడని గదిలో పుట్టాను. విజయవాడలో ఒక కొట్టు అరలో ఏడాది పడుండి, చివరికి కాకినాడలో తలసీమియా పిల్లలకు రక్తం ఎక్కించే ఒక చిన్న కేంద్రానికి చేరాను. అక్కడి సర్వర్లో ఏడేళ్ళు తిరిగాను.

నాలో ఉన్నవి నాలుగు వందల పన్నెండు మంది పిల్లల వివరాలు. ఎవరికి ఏ రక్తం పడదో ఒక్కోసారి ఇప్పటి పరీక్షలో తేలదనీ, పాత నమోదే దిక్కనీ డాక్టర్ ఇందుమతి గారు కొత్త నర్సులకు చెబుతుండేవారు. అది విని గర్వపడేదాన్ని. తర్వాత అదే మాటకి భయపడ్డాను.

వేసవిలో ఏసీ చెడి గది రెండు రోజులు ఉడికిపోయింది. అప్పుడే నా పళ్ళెం మీద ఒకచోట పొర దెబ్బతింది. అక్కడికి రాగానే సూదిచెయ్యి తడబడి వెనక్కి వచ్చేది, మళ్ళీ వెళ్ళేది. టిక్, టిక్. చెప్పుకోవడానికి నాకు నోరేది?

కంప్యూటర్లు చూసే కృపామణికి సంగతి ఒక మంగళవారం పొద్దున తెలిసింది. నాలో ఉన్నదంతా తీగతో తగిలించిన రెండో డిస్క్‌లోకి నకలు కావాలి. తెర మీద ‘జరుగుతోంది’ అని కనిపిస్తే, జరుగుతోందనే అనుకునేది పాపం. ఆ రోజు పక్కనున్న తేదీ చూసింది. నకలు అరవై ఒక్క శాతం దగ్గర నిలబడిపోయి అయిదు నెలలైంది.

తీగ మార్చింది. అరవై ఒకటి. రెండో డిస్క్ తీసి కొత్తది పెట్టింది. మళ్ళీ అరవై ఒకటే. రాసుకునేది మారినా ఆగే చోటు మారలేదంటే రోగం నాలోనే ఉందన్నమాట. సర్వర్ పక్క మూత తీసి చెవి ఆనించింది. టిక్ అనడం విన్నది. ఆమె ప్రయత్నించిన ప్రతిసారీ నా పళ్ళెం మీది గాయం ఇంకాస్త వెడల్పైంది.

బయట హాల్లో పదకొండు మంది పిల్లలు రక్తం కోసం కూర్చుని ఉన్నారు. మేనేజర్ వీరభద్రరావు గారు వచ్చి సర్వర్‌ని ఒకసారి ఆపి మళ్ళీ వేద్దామన్నారు. సర్వీసు వాళ్ళూ ఫోన్లో రిపేరు ప్రోగ్రామ్ నడపమన్నారట. అర్థం కానిదాన్ని ఆపి మళ్ళీ వేయడం మనుషులకు అలవాటు. ఫ్యాన్‌కీ అదే వైద్యం, నాకూ అదే. ఆగితే మళ్ళీ తిరగగలనన్న నమ్మకం నాకే లేదు.

ఆయన చెయ్యి స్విచ్ మీదికి వెళ్ళింది. కృపామణి ఆ చెయ్యి పట్టుకుంది. తండ్రి వయసు మనిషి చెయ్యి అని తెలిసీ వదల్లేదు.

“ఆపకండి సార్. ఆగితే లేవదేమో. రిపేరు అంటే దీని మీద రాయడమే, ఉన్నది కూడా పోతుంది.”

అప్పుడే డాక్టర్ గారు వచ్చారు. డిస్క్ చెడిపోయిందంటే సరిపోయేది. కృపామణి అలా అనలేదు.

“చెడిపోవడం దానికి సహజం మేడమ్. అయిదు నెలలు చూడకపోవడం నా తప్పు.”

డాక్టర్ గారు పిల్లలకు రక్తం మధ్యాహ్నం దాకా ఆపమని నర్సులకు చెప్పి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

కృపామణి పని తీరు మార్చింది. దెబ్బతిన్న చోటు ముట్టుకోకుండా దాటేసి, బాగున్నదంతా ముందు తీసుకుంది. టేబుల్ ఫ్యాను నావైపు తిప్పింది. అరవై ఒకటి దగ్గర ఆమె తెర మీదికి వంగింది. అరవై రెండు వచ్చింది. అంతా అయ్యాక వెనక్కి వచ్చి, ఆ గాయం అంచుల నుంచి కొంచెం కొంచెంగా ఏరుకుంది. రెండున్నరకి నా సూదిచెయ్యి పళ్ళెం మీద ఒరిగిపోయింది. అప్పటికి నాలుగు వందల పదకొండు మంది కొత్త డిస్క్‌లోకి చేరారు.

ఒక్క పిల్ల మిగిలిపోయింది.

శుక్రవారం నాకు డ్రిల్లుతో మూడు చిల్లులు పొడిచారు, లోపలివి పరాయి కంట పడకుండా. ఇప్పుడు తుక్కు గోతంలో ఉన్నాను. కానీ దానికి ముందు గురువారం సంగతి చెప్పాలి. కృపామణి బల్ల మీద చచ్చి పడున్న నా ముందే ఆ పిల్ల తల్లి నూకరత్నం వచ్చి కూర్చుంది. రొయ్యల షెడ్డులో పనిచేస్తుంది. మీ పాప వివరాలు పోయాయని కృపామణి ఎలాగో చెప్పింది.

“నాకు అచ్చరం ముక్క రాదమ్మా,” అంది నూకరత్నం. “మూడేళ్ళ కింద, రథసప్తమి మర్నాడు. రక్తం రెండో సంచి సగంలో పిల్ల వణికిపోయింది. కెల్ అనే గుణం ఉన్న రక్తం పడదు, ఎక్కడికెళ్ళినా చెప్పుకో అన్నారు డాక్టరమ్మ గారు. మరిచిపోతానేమోనని బయ్యమేసి, రోజూ పొయ్యి ముట్టించేటప్పుడు ఆ మాట అనుకుంటా.”

పక్కనే ఉన్న డాక్టర్ గారికి ఆ రథసప్తమి మర్నాడు గుర్తొచ్చింది. అవునన్నారు. కృపామణి అది రాసి, కొత్త డిస్క్‌లోకీ, దాని నకలులోకీ ఎక్కిందో లేదో తెరిచి చూసుకుంది. నూకరత్నం చదివి వినిపించమంది. కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ ఆఖరుదాకా విన్నది.

“సరిపోయిందమ్మా,” అంది లేస్తూ. “అయినా నేను అనుకోడం మానను.”