మేకులు కొట్టిన బూట్లు

ఓర్విల్ టిబెట్స్ ఇరవై రెండేళ్లలో మూడు వందల సినిమాల్లో కనిపించాడు. కనిపించాడనడం కంటే వీపు చూపించాడనడం సబబు. గుంపులో నిలబడేవాడి ముఖం ఒక్కసారి కెమెరాలో బాగా పడిందంటే, ఆ సినిమాకి మళ్లీ వాణ్ణి పిలవరు. అందుకే కెమెరా తనవైపు వస్తే చాలు, ఒడుపుగా పక్కకి తిరిగిపోయేవాడు.

ఆ రోజు హాలీవుడ్‌లో మొదటిసారి అతనికి మాటలున్న వేషం దొరికింది. జైలు నుంచి ఇంటికొచ్చిన కొడుకుని పిలిచే తండ్రి వేషం. కెమెరా దగ్గరికి జరిగింది. ఓర్విల్ నోరు తెరిచాడు గానీ, కాళ్లు వాటంతటవే గోడవైపు తిరిగాయి.

"ఏమయ్యా, గోడకి చెబుతున్నావా?" అని దర్శకుడు కెస్లర్ అరిచాడు. రెండోసారీ అంతే అయింది. "ఇంకోసారి తిరిగావంటే ఈ వేషం వేరేవాడికిచ్చేస్తా!"

ఓర్విల్ నేరుగా సెట్టు వడ్రంగి దగ్గరికి వెళ్లాడు.

"తమ్ముడూ, నా బూట్లు ఈ చెక్కనేలకి మేకులేసి బిగించెయ్."

"పిచ్చా అన్నా? లోపల కాళ్లున్నాయి!"

"కాళ్లు తీస్తాలే. నువ్వు కొట్టు."

సెట్టంతా నవ్వింది. ఓర్విల్ మాత్రం బిగించిన బూట్లలో కాళ్లు దూర్చి, లేసులు గట్టిగా కట్టుకున్నాడు. కెమెరా దగ్గరికొచ్చింది. నడుము పక్కకి లాగింది. బూట్లు కదలనివ్వలేదు.

"రా నాయనా, సూప్ చల్లారిపోతోంది," అన్నాడు సూటిగా చూస్తూ.

కెస్లర్ కుర్చీలోంచి లేచి దగ్గరికొచ్చాడు. "ఇన్నేళ్లూ ఈ ముఖం ఎక్కడ దాచావయ్యా?"

"అది తర్వాత చెబుతా సార్. ఇంకోసారి తీద్దాం. ఈసారి మేకులు పీకేసి."